ఆకాశంలో లైటు కనబడితే ముందు టైము రాసుకుందాం



పోస్టు కొంచెం పెద్దదే. చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఈ మధ్య మన గ్రూపులో రాత్రి ఆకాశంలో లైట్ల వీడియోలు ఎక్కువైనయి. బౌరంపేట మీద, దుండిగల్ వైపు, మేడ్చల్ రోడ్డు మీద, ఇంటికి పోయినోళ్లు పంపితే నార్నూర్ నుంచి, ఉట్నూర్ నుంచి కూడా వస్తున్నయి. కింద కామెంట్లు రెండే రకాలు. ఒకటి, "ఏలియన్స్ వచ్చినరు", "కొరివి దెయ్యం", "దొంగల డ్రోన్, అందరికీ ఫార్వర్డ్ చెయ్యండి". రెండోది, "ఇంకా అడవిలోనే ఉన్నార్రా మీరు?" అని ఎక్కిరింపు. మా మాట ఏందంటే, ఈ రెండూ ఒక్కటే. రెండింట్లోనూ ఆ లైటు ఏందో తెలుసుకునే పని ఎవరూ చెయ్యలేదు.

ముందు మనం ఉన్న జాగా సంగతి చూద్దాం. బౌరంపేట పక్కనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. దేశం మొత్తానికి పైలట్లను తయారు చేసే చోటు అది. ఇటు హకీంపేటలో ఇంకో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. పైన శంషాబాద్ పోయే వచ్చే విమానాలు. పెండ్లిళ్ల సీజన్‌లో చుట్టూ ఉన్న ఫంక్షన్ హాళ్ల మీద కెమెరా డ్రోన్లు. ఇంత తిరిగే ఆకాశం కింద ఉండి లైటు కనబడకుంటేనే ఆశ్చర్యం.

విమానం లైట్లు కూడా కండ్లను మోసం చేస్తయి. మన వైపు తిన్నగా వచ్చే విమానం ముందు లైటు కొన్ని నిమిషాలు కదలనట్టే, గాలిలో ఆగి నిలబడినట్టే కనబడతది. అది పక్కకు తిరిగినప్పుడు ఒక్కసారే మాయమైతది. అప్పుడు ఎరుపు, ఆకుపచ్చ లైట్ల కోసం చూడండి. ప్రతి విమానానికి ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ ఉంటది. ఎరుపు మన కుడి చేతి వైపు కనబడితే అది మన వైపే వస్తున్నట్టు. ఎడమ వైపు కనబడితే మన నుంచి పోతున్నట్టు. ఇది తెలిస్తే మన గ్రూపులో వచ్చే వీడియోల్లో చాలా వాటికి అక్కడికక్కడే జవాబు దొరుకుతది.

ముత్యాల దండ లెక్క వరుసగా పోయే లైట్ల సంగతి వేరు. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 2019 మేలో మొదటిసారి ఒకే రాకెట్‌లో 60 పంపినరు, అప్పటి నుంచి గుంపులు గుంపులుగా పంపుతూనే ఉన్నరు. పైకి పోయిన కొత్తలో కొన్ని రోజులు దగ్గర దగ్గరగా ఉంటయి కాబట్టి రైలు డబ్బాల లెక్క కనబడతయి, తర్వాత దూరం జరిగి విడిపోతయి. పొద్దు గూకిన కాసేపటికి, లేదంటే తెల్లారకముందే ఎక్కువ కనబడతయి. ఎందుకంటే ఆ టైములో మన దగ్గర చీకటి, అంత ఎత్తులో మాత్రం ఇంకా ఎండే. అవి సొంతంగా వెలగవు, ఎండ పడి మెరుస్తయి.

ఇప్పుడు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద గుండ్రటి వస్తువు దిగింది. జనం గుమిగూడినరు. ఏలియన్ల ఓడ అన్నరు, ఫోటోలు దిగినరు, వీడియోలు రాష్ట్రమంతా తిరిగినయి. చివరికి తేలిందేంది? హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. డిసెంబర్ 7న అక్కడి నుంచి హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ కోసం ఒక బెలూన్ ఎగరేసినరు. ముందు ముందు టూరిస్టులను బెలూన్‌లో పైకి తీసుకుపోవాలని ఆ కంపెనీ ఆలోచన. మనుషులు లేని నమూనాను 37 కిలోమీటర్ల ఎత్తుకు పంపి కిందికి దించినరు. మొగిలిగుండ్ల వాళ్లు చూసింది ఆ నమూనానే.

ఇక్కడ మనం పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఊరోళ్లు చూసింది అబద్ధం కాదు. వస్తువు నిజం, అది పైనుంచి దిగడం నిజం. వాళ్లకు ముందే చెప్పినోళ్లు లేకపోవడమే అసలు లోటు. ఆ బెలూన్ కేంద్రం వాళ్లు ఎగరేసే ముందు ప్రకటన ఇస్తరు. ఏ జిల్లాల్లో దిగొచ్చో పేర్లు కూడా ఉంటయి. ఆ పేర్లలో మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్, కొత్తగూడెం కూడా వస్తయి. కొన్ని పరికరాల్లో హై వోల్టేజీ ఉంటది, ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని అందులో రాసి ఉంటది. పేపర్లో ఒక మూలకు వచ్చే ఆ ప్రకటన గూడేనికి, తండాకు ఎంతవరకు చేరుతుంది? చదువుకున్నోళ్లం మనం చేర్చకపోతే ఎవరు చేరుస్తరు?

ఇంకోటి, మన ఆసిఫాబాద్ పక్క జిల్లాలోనే జరిగింది. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో జనం ఆకాశంలో నిప్పు గీతలు చూసినరు. ఆ రాత్రే చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరి ఊర్లో పెద్ద లోహపు చక్రం లాంటిది పడింది. అది 2021 ఫిబ్రవరిలో పంపిన చైనా రాకెట్ ముక్క అయి ఉంటదని నిపుణులు చెప్పినరు. రాలే చుక్క అయితే ఒకటి రెండు సెకన్లలో అయిపోతది. రాకెట్ ముక్క నిదానంగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ, చాలాసేపు పోతది. అంటే "ఎంతసేపు కనబడింది" అన్న ఒక్క ప్రశ్నతోనే సగం జవాబు దొరుకుతది. 2023లో మన రాకెట్ ముక్క ఒకటి ఆస్ట్రేలియా తీరానికి కొట్టుకపోతే అక్కడోళ్లు కూడా ఇది ఏందిరా నాయనా అని తలలు గోక్కున్నరు. అది మన పీఎస్‌ఎల్‌వీ ముక్కేనని ఇస్రో తర్వాత ఒప్పుకున్నది. తెలియనప్పుడు ఏ దేశమోళ్లయినా ఒకటే.

మరి ఇంత సీరియస్‌గా ఎందుకు రాస్తున్నం? ఒక వీడియో, ఒక నవ్వు, అయిపోయింది కదా అని కొందరు అంటరు. అయిపోదు.

పోయిన నెల మన హాస్టల్ తమ్ముడొకడు క్యాటరింగ్ పని చేసుకుని రాత్రి పదకొండున్నరకు నడిచి వస్తున్నడు. ఆ వారం ఇక్కడి కాలనీల గ్రూపుల్లో "డ్రోన్లు తిరుగుతున్నయి, దొంగలు రెక్కీ చేస్తున్నరు" అని ఒక మెసేజ్ తిరుగుతున్నది. నలుగురు బండ్ల మీద వచ్చి ఆపినరు. ఫోన్ గుంజుకుని గ్యాలరీ అంతా చూసినరు. "ఏ ఊరు? డ్రోన్ ఎవరిది? నీతో ఎంతమంది ఉన్నరు?" అని అడిగినరు. వాని యాస, వాని రంగు, చేతిలో మిగిలిన అన్నం కవర్, ఇవే వాళ్లకు సాక్ష్యం. వార్డెన్ సార్ ఫోన్‌లో మాట్లాడితే వదిలిపెట్టినరు. సార్ ఫోన్ ఎత్తకపోయి ఉంటే?

ఇది ఊరికే భయపడే మాట కాదు. 2025లో ఉత్తరప్రదేశ్‌లో ఇట్లాంటి డ్రోన్ దొంగల పుకార్లే ఊర్లకు ఊర్లు తిరిగినయి. అక్టోబర్‌లో రాయ్‌బరేలీ జిల్లాలో దొంగ అనుకుని ఒక దళితుణ్ని కొట్టి చంపినరు. 2018 మేలో మన రాష్ట్రంలో పిల్లలను ఎత్తుకపోయే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో తిరిగితే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు చంపింది. ఇక మన జిల్లాలోనే, శామీర్‌పేట దగ్గర అద్రాస్‌పల్లిలో, 2019 సెప్టెంబర్‌లో బాణామతి చేసిండన్న అనుమానంతో ఒక యువకుణ్ని చితి మంటల్లో వేసినరు. ఐటీ కంపెనీల హైదరాబాద్ అక్కడికి ఎంత దూరం?

డ్రోన్, పిల్లల దొంగ, బాణామతి. పేరు మారుతది, పని మారదు. తెలియని దానికి తొందరపడి పేరు పెడతరు. పేరు పెట్టినంక దానికో మనిషి కావాలె. ఆ మనిషి ఎప్పుడూ ఒంటరిగా ఉన్న ముసలమ్మో, బయటి ఊరి కూలోడో, రాత్రి నడిచొచ్చే హాస్టల్ పిల్లగాడో అయితడు. గేటెడ్ కమ్యూనిటీలో ఉండేటోడు కాడు. అందుకే ఆ ఫార్వర్డ్ బటన్ దగ్గర మిగతా అందరికంటే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలె. ఆ మెసేజ్ తిరిగి తిరిగి చివరికి మన మీదికే వస్తది.

ఇక ఎక్కిరించేటోళ్లకు రెండు మాటలు. ఆకాశం చూసుడు మనకు కొత్త కాదు. ఇప్పపూలు ఏరడానికి వేగుచుక్క చూసి లేచినోళ్లు మన అమ్మమ్మలు. సప్తర్షులని పుస్తకం చెప్పే ఏడు చుక్కల్లో గోండు పెద్దలు ఒక మంచాన్ని, దాని వెనక ముగ్గురు దొంగలను చూసినరు. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మయాంక్ వాహియా, గణేష్ హల్కరేతో కలిసి గోండు ఊర్లు తిరిగి ఇట్లాంటివి అడిగి రాసుకుని 2013లో పరిశోధన పత్రంగా వేసినరు. అంటే బెలూన్లు ఎగరేసే సంస్థ వాళ్లే మన పెద్దల దగ్గర కూర్చుని చుక్కల సంగతి నేర్చుకున్నరు. చుక్కల నడక అంత బాగా తెలిసినోళ్లకే కదా ఒక కొత్త లైటు వస్తే "ఇది నిన్నటిది కాదు" అని అనుమానం వచ్చేది? ఆ అనుమానం మూఢనమ్మకం కాదు. అడగకుండా ఆపేయడమే మూఢత్వం.

అమెరికా సంగతి కూడా చూడండి. అక్కడ వైమానిక దళం 1969 దాకా బ్లూ బుక్ అనే పేరుతో ఇట్లాంటి ఫిర్యాదులు 12,618 పరిశీలించింది. చాలావాటికి జవాబులు దొరికినయి. 701 మాత్రం తేలలేదని రాసిపెట్టినరు. 2023 సెప్టెంబర్‌లో నాసా కమిటీ కూడా ఇదే విషయం మీద రిపోర్ట్ ఇచ్చింది. వేరే లోకమోళ్లు అనడానికి ఆధారం లేదన్నది. సరైన కొలతలు, వివరాలు లేకపోవడమే అసలు సమస్య అన్నది. చూసినోళ్లు నవ్వుతరేమోనని చెప్పకుండా దాచుకుంటున్నరు, ఆ జంకు పోవాలె అని కూడా చెప్పింది. నాసాకే "తెలియదు" అని రాసుకోవడానికి సిగ్గు లేదు. మనకెందుకు?

మేము హాస్టల్‌లో ఒక 200 పేజీల నోట్‌బుక్ పెట్టినం. డాబా మీద ఎవరు ఏం చూసినా అందులో రాయాలె. ఇప్పటిదాకా రాసినవి చాలావరకు విమానాలే, రెండుసార్లు శుక్రుడు. ఒక్కటి తేలలేదు. రాత్రి 8:40కి దుండిగల్ వైపు నారింజ రంగు లైటు, చప్పుడు లేదు, రెండు నిమిషాలు తూర్పుకు జరిగి ఆరిపోయింది. ఎవరో వదిలిన కాగితం దీపం కావచ్చు. కావచ్చు అంటే సరిపోదు కాబట్టి దాని ఎదురుగా "తెలియదు" అనే రాసి ఉంచినం.

మీ హాస్టల్‌లో, మీ ఊర్లో కూడా ఇట్లనే ఒక నోట్‌బుక్ పెట్టండి. రాయాల్సినవి ఇవి:

1. తారీఖు, టైము. కనబడ్డప్పుడు, మాయమైనప్పుడు, రెండూ.
2. ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయింది.
3. ఎంత ఎత్తు. చెయ్యి చాపి పిడికిలి పడితే ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్లో లెక్కపెట్టండి.
4. మిణుకుమన్నదా, ఒకే తీరుగా వెలిగిందా. రంగు. చప్పుడు.
5. వీడియో తీస్తే ఒక చెట్టో, కరెంటు స్తంభమో ఫ్రేములో ఉండాలె. నల్లటి తెరలో ఒక్క చుక్క ఉంటే అది దేనికీ పనికిరాదు.
6. ఏదైనా కింద పడితే ముట్టుకోవద్దు, పిల్లలను దగ్గరికి పోనియ్యొద్దు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చెయ్యండి.

ఇవి రాసినంక గ్రూపులో పెట్టండి, అందరం కలిసి తేలుద్దాం. ఇవి లేకుండా "డ్రోన్ దొంగలు" అని వచ్చే ఏ వీడియోనైనా అడ్మిన్లు తీసేయాలని మా డిమాండ్. ఎక్కిరింపు కామెంట్లను కూడా తీసేయాలె. భయపడి అడిగిన ఇంటర్ చెల్లెను నవ్వి నోరు మూయిస్తే, రేపు ఆమె నిజంగా ఏదైనా చూసినా చెప్పదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దోళ్ల దగ్గర కూర్చుని వాళ్లకు తెలిసిన చుక్కల పేర్లు కూడా అదే నోట్‌బుక్‌లో వెనక పేజీల నుంచి రాయండి. గోండిలో, కోయలో, కొలామీలో, లంబాడీలో ఎట్లంటే అట్ల. వాళ్లతోపాటు అవి కూడా పోకముందే.

ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే కింద రాయండి, మాట్లాడుకుందాం.

బౌరంపేట హాస్టల్ పిల్లల తరఫున