నష్టం ఎవరి ఖాతాలో రాశారు?

"ఆరోగ్యశ్రీ పేషెంట్ల వల్ల మాకు నష్టమండీ." ప్రైవేటు ఆస్పత్రుల వాళ్లు ఈ మాట పేపర్లకూ చెబుతున్నారు, కార్డు పట్టుకుని కౌంటరు దగ్గరకు పోయినవాడికీ చెబుతున్నారు. 2025లో బకాయిలు రాలేదని తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ సేవలే ఆపేశారు. విన్నవాడు తల ఊపి ఇంటికొస్తాడు. పెద్ద పెద్ద కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్లు, నష్టమంటే నష్టమే కాబోలు అనుకుంటాడు. ఆ నష్టాన్ని ఎట్లా లెక్కగట్టారయ్యా అని అడిగినవాడు లేడు. ఈసారి సంపాదకీయం ఆ లెక్క గురించే. కొంచెం ఓపిగ్గా చదవండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

నా దగ్గర చదువుకున్న మా వాడ కుర్రాడొకడు పట్నంలో ఒక ఆస్పత్రి కంప్యూటర్ సెక్షన్లో పనిచేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు "ఏం పనిరా నీది?" అని అడిగాను. "క్యూబు కడుతున్నా సార్" అన్నాడు. మేస్త్రీ పనిలో కుదిరాడేమో అనుకున్నాను! వాడు నవ్వి, నా బల్ల మీది సుద్దముక్కల డబ్బా తీసి చూపించాడు.

ఆస్పత్రి లాభనష్టాలు కొలవటానికి కట్టే అంకెల ఘనం అది. డబ్బాకు పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్నాయి గదా. పొడుగునా విభాగాలు పెట్టండి: గుండె, ఎముకలు, కాన్పులు. వెడల్పునా డబ్బు కట్టేదెవరో పెట్టండి: చేతి డబ్బు, ఇన్సూరెన్సు, ఆరోగ్యశ్రీ. ఎత్తునా నెలలు. మార్చి నెల, ఎముకలు, ఆరోగ్యశ్రీ ఈ మూడూ కలిసే గడిలో చూస్తే ఎంతమంది పేషెంట్లు, ఎంత రాబడి, ఎంత ఖర్చు, ఎంత మిగులు అన్నీ ఉంటాయి. సుద్దముక్కల డబ్బాకు మూడు కొలతలే. కంప్యూటర్ ఘనానికి ఎన్నయినా చేర్చొచ్చు: ఏ డాక్టరు, ఏ వార్డు, పేషెంటుది ఏ జిల్లా. జిల్లా మీద నొక్కితే మండలాలు, మండలం మీద నొక్కితే ఊళ్లు. మన ఊరు కూడా ఏదో ఒక గడిలో ఉంటుంది. ఇట్లాంటి లెక్కల పద్ధతికి 1993లో ఇ.ఎఫ్. కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఓలాప్ అని పేరు పెట్టాడు.

ఆస్పత్రులకు ఇది ఎందుకు కావాల్సి వచ్చింది? రోగానికింత అని రేటు ముందే కట్టేసే పద్ధతి వచ్చాక. అమెరికాలో వృద్ధుల వైద్యం చూసే మెడికేర్ 1983లో అట్లా ఇవ్వటం మొదలుపెట్టింది. మన దగ్గర 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్యాకేజీ పద్ధతే. (ఆంధ్రలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.) వచ్చే డబ్బు ముందే ఖాయమైతే, పోయే ఖర్చు రోగి వారీగా తెలియాలి. ఇందులో తప్పు పట్టేదేం లేదు. లెక్క ఉండాల్సిందే.

గొడవల్లా ఉమ్మడి ఖర్చు దగ్గర. పేషెంటుకు ఎక్కించిన సెలైను, కాలికేసిన రాడ్డు ఎవరి ఖాతాలోవో స్పష్టమే. మరి బిల్డింగు అద్దె? కరెంటు? స్కానింగు మిషను అప్పు కిస్తీ? మేనేజరు జీతం? వీటిని ఎవరి మీద ఎంత వెయ్యాలో కంప్యూటర్ చెప్పదు. మనిషే ఒక సూత్రం పెడతాడు.

ఊరికే ఒక లెక్క వేసుకుందాం. పిల్లలకు బోర్డు మీద చెప్పినట్టే చెబుతాను. ఒక ఆస్పత్రికి నెలలో 200 మంది చేతి డబ్బు పేషెంట్లు, 200 మంది ఆరోగ్యశ్రీ పేషెంట్లు. మొదటివాళ్ల వల్ల రాబడి కోటీ 20 లక్షలు, వాళ్ల మందులకూ ఆపరేషన్లకూ నేరుగా అయిన ఖర్చు 70 లక్షలు. మిగిలింది 50 లక్షలు. ఆరోగ్యశ్రీ రాబడి 60 లక్షలు, నేరు ఖర్చు 40. మిగిలింది 20 లక్షలు. ఉమ్మడి ఖర్చు 60 లక్షలు. మొత్తం మీద ఆస్పత్రికి 10 లక్షల లాభం.

ఇప్పుడు ఆ 60 లక్షలను తలకాయల లెక్కన చెరిసగం వెయ్యండి. తలో 30. చేతి డబ్బు వాళ్ల మీద 20 లక్షల లాభం, మన మీద 10 లక్షల నష్టం! అదే ఉమ్మడి ఖర్చును రాబడిని బట్టి పంచండి. వాళ్ల మీద 40, మన మీద 20. వాళ్ల లాభం 10కి దిగింది, మన నష్టం పోయి సున్నా అయింది. ఏసీ గదులు, పెద్ద వరండాలు ఎవరు వాడుకున్నారో చూసి ముప్పావు వంతు వాళ్ల మీదే వేస్తే? 45, 15. ఇద్దరి మీదా చెరో 5 లక్షల లాభం. పేషెంట్లు వాళ్లే, ఆపరేషన్లు అవే, ఒక్క రూపాయి అటూ ఇటూ కాలేదు. సూత్రం మారింది, అంతే.

ఇంకో మెట్టు ఎక్కుదాం. నష్టం అన్నారు గదా, ఆరోగ్యశ్రీ మానేశారనుకోండి. మన వల్ల వచ్చే 20 లక్షలు పోయాయి. బిల్డింగు అద్దె తగ్గదు, కిస్తీ ఆగదు. ఆ 60 లక్షలు 50 లక్షల నుంచి కట్టాలి. పది లక్షల లాభం పోయి పది లక్షల నష్టం వచ్చింది. మన మంచాల్లోకి వెంటనే డబ్బున్న రోగులు వచ్చి పడుకుంటే సరే. లేకపోతే ఆ ఆస్పత్రి గోడలు నిలబెట్టింది మన కార్డులే.

మా నాయన ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. ఉగాదికి లెక్క చూస్తే ఎప్పుడూ బాకీయే. ఎద్దు కాలు విరిగినా, కరువులో గడ్డి కొన్నా ఆయన పద్దులోనే పడేది. పుస్తకం ఆసామి చేతిలో ఉండేది. మా నాయనకు అక్షరం రాదు.

ఆస్పత్రుల మాటలో నిజం లేదని కాదు. క్లెయిము పంపింది ఒక తేదీ, ప్రభుత్వం మంజూరు చేసింది ఇంకో తేదీ, డబ్బు చేతికొచ్చింది మరో తేదీ. ఈ మధ్యలో నెలలు గడిస్తే వడ్డీ నడుస్తుంది. అది నిజమైన నష్టం. అది పేషెంటు తెచ్చిన నష్టం కాదు, సర్కారు ఆలస్యం తెచ్చింది. క్యూబులో దాన్ని వేరే పద్దుగా చూపించాలి గానీ రోగి నెత్తిన వెయ్యకూడదు. ఏ ఆస్పత్రికి ఎన్ని రోజులు ఆలస్యమైందో నెల వారీగా చెప్పమని, రోగుల పేర్లు లేకుండానే, 2005 సమాచార హక్కు చట్టం కింద ఆరోగ్యశ్రీ ట్రస్టును ఎవరయినా అడగొచ్చు. మన సంఘాలు అడగాలి.

డాక్టరు వారీగా మిగులు చూపించే గడి ఇంకా ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆస్పత్రి కాన్పుల్లో నూటికి 81.5 ఆపరేషన్లే. సర్కారు ఆస్పత్రుల్లో 44.5 (అదీ మెచ్చుకునే అంకె కాదు). ఇదంతా క్యూబు చేసిందని అనను. కానీ ఏ కాన్పుకు ఎంత మిగిలిందో నెలనెలా డాక్టరు ముందు పెడితే, ఆ డాక్టరు చెయ్యి ఎటు మొగ్గుతుందో మీరే ఆలోచించండి.

వెళ్లేముందు కుర్రాణ్ణి ఒకటే అడిగాను. "మంచం లేదని చెప్పి గేటు దగ్గర్నించే పంపేసినవాడు మీ ఘనంలో ఎక్కడుంటాడురా?" కాసేపు ఆలోచించాడు. "బిల్లు లేకపోతే వరుసే పుట్టదు సార్" అన్నాడు. ఆటో కిరాయి, తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి, ప్యాకేజీలో రాదని బయట కొనిపించిన మందు, వీటికీ గడుల్లేవు.

ఆ గడులు మనమే గీసుకోవాలి. కార్యకర్తలు ఒక్కో వాడకు ఒక వంద పేజీల నోటుబుక్కు పెట్టండి. ఆస్పత్రికి ఒకసారి పోతే ఒక వరుస. రెండోసారి పోతే వేరే వరుస, రెండూ కలిపెయ్యొద్దు. మనిషి పేరు వద్దు, ఊరు, మండలం చాలు. పోయిన తేదీ, చేర్చుకున్న తేదీ, కార్డు తీసుకున్నారా లేదా, కార్డు కాక ఎంత కట్టించుకున్నారు, రసీదు ఇచ్చారా, కూలి ఎన్ని రోజులు పోయింది. మూడు నెలలకొకసారి మండలం వారీగా కూడి పత్రికకు పంపండి, వేస్తాం. గేటు దగ్గర్నించి తిరిగొచ్చినవాళ్లకూ ఒక వరుస రాయండి. చేర్చుకున్న తేదీ గడి ఖాళీగా వదిలి, ఏం చెప్పి పంపేశారో వాళ్ల మాటల్లోనే పక్కన రాయండి.