నిరీక్షణకూ ఓ వరుస ఉండాలి

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న శాసనసభలో 2025 మార్చి 19న ప్రవేశపెట్టిన తెలంగాణ బడ్జెట్ రూ.3,04,965 కోట్లు. రాష్ట్ర సొంత పన్నుల్లో పెద్ద వాటా తెచ్చే వాణిజ్య పన్నుల శాఖ ప్రధాన కార్యాలయమూ నాంపల్లిలోనే ఉంది. చెల్లింపులు చూసే ట్రెజరీల డైరెక్టరేట్ అబిడ్స్ తిలక్ రోడ్డులో ఉంది. రాబడి, పద్దు, చెల్లింపు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నా, మంజూరైన సొమ్ము చేతికందడానికి నెలలు పడుతోంది.

రాబడి అంచనా తప్పితే ఖర్చు తగ్గించాలి, లేదా అప్పు చేయాలి, లేదా చెల్లింపు ఆపాలి. ఖర్చు తగ్గించడానికి ధైర్యం కావాలి. అప్పుకు రాజ్యాంగంలోని 293వ అధికరణం, ద్రవ్య బాధ్యత చట్టం హద్దులు గీశాయి. చెల్లింపు ఆపడానికి మాత్రం సభలో చర్చ అక్కర్లేదు. అందుకే లోటు భారం ముందుగా బిల్లుల మీద పడుతుంది.

2021లో ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 61 ఏళ్లకు పెంచారు. అలా వాయిదాపడిన విరమణ ప్రయోజనాల భారం 2024 మార్చి తర్వాత వరసగా మీద పడింది. అప్పటికే రాష్ట్ర అప్పులు రూ.6,71,757 కోట్లని 2023 డిసెంబర్ నాటి శ్వేతపత్రం చెప్పింది. కష్టం నిజమే. కానీ రిటైరైన ఉపాధ్యాయుడి జీపీఎఫ్ ఆయన జీతంలోంచి నెలనెలా కోసి దాచిన సొమ్ము. బిల్లు పాసై టోకెన్ నంబరు వచ్చినా డబ్బు ఖాతాలో పడకపోతే, ఇంటి రుణం మీద వడ్డీ ఆయన కోసం ఆగదు. సర్కారు లోటును ఆ ఇల్లు మోస్తోంది.

2020లో కరోనా వేళ వాయిదా బహిరంగంగా జరిగింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల వేతనంలో 75 శాతం, ఐఏఎస్‌లకు 60, ఇతర ఉద్యోగులకు 50, నాలుగో తరగతి సిబ్బందికి 10 శాతం ఆపారు. పింఛనుదారుల్లో ఎక్కువ మందికి మొదట సగమే ఇవ్వడం సరికాదు. అయినా ఎవరికి ఎంత ఆగిందో అందరికీ తెలుసు, పైవారికే ఎక్కువ కోత పడింది.

ఆ పారదర్శకత మామూలు రోజుల్లోనూ కావాలి. రాబడిని ఉన్నదున్నట్టు అంచనా వేయాలి. పెండింగ్ బిల్లుల జాబితాను తేదీలతో సహా బడ్జెట్ పత్రాలతోపాటు సభ ముందుంచాలి. చిన్న మొత్తాలను, విశ్రాంత ఉద్యోగుల సొమ్మును ముందు చెల్లించాలి. ఆర్థిక శాఖ వచ్చే బడ్జెట్‌తోనే దీనికి శ్రీకారం చుట్టాలని కోరుతున్నాం.