గుట్ట మూస్తే సరిపోదు.. బావి చూడాలి

మస్కట్‌లో నల్లా తిప్పితే వచ్చేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే. రూవీలోనో, ఘలాలోనో ఉండే మనవాళ్లకు నేల కింది నీళ్లతో పెద్దగా పని పడదు. బాతినా తీరంలో ఖర్జూరం, నిమ్మ తోటల్లో పనిచేసే వాళ్ల సంగతి వేరు. అక్కడ చాలామందికి బావే దిక్కు. స్నానం ఆ నీళ్లే, వంటకు ఆ నీళ్లే, కొన్నిచోట్ల తాగేదీ ఆ నీళ్లే. అందుకే ఒమాన్‌లో మూసేసిన చెత్త గుట్టల గురించి మనం పట్టించుకోవాలంటున్నాం.

ఒకప్పుడు ఒమాన్‌లో దాదాపు ఊరికో చెత్త యార్డు ఉండేది. వాడీ పక్కనో, కొండ మలుపులోనో పారబోసేవారు. కొంత కాల్చేవారు. అడుగున ఏ పొరా ఉండేది కాదు. 2009లో రాజశాసనంతో చెత్త బాధ్యతను 'బీఆ' అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. అరబీలో ఆ మాటకు పర్యావరణం అని అర్థం. 300కు పైగా ఉన్న పాత యార్డులను మూసి, అడుగున పొర పరిచిన కొత్త ల్యాండ్‌ఫిల్స్ కట్టే పని ఆ సంస్థ చేపట్టింది. మెచ్చుకోదగ్గ పనే.

అయితే ఇంగువ కట్టిన గుడ్డ సామెత మనకు తెలుసు. ఇంగువ తీసేసినా గుడ్డ వాసన వదలదు. చెత్త పోయడం ఆగినా లోపల కుళ్లడం ఆగదు. మస్కట్‌లో ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూనే. ఆ మాత్రం వానకు ఏమవుతుందిలే అనుకోవద్దు. ఇక్కడ వాన వస్తే వాడీ పొంగేలా వస్తుంది. 2007లో గోను, 2021లో షాహీన్ తుపాన్లను, 2024 ఏప్రిల్ వరదలను చూశాం. ఆ నీరు గుట్టలోకి దిగితే చెత్త సారమంతా కలిసి నల్లటి ద్రవంగా కిందికి ఊరుతుంది. వాడీల్లోని గులకరాళ్ల నేల దాన్ని ఆపలేదు. భూగర్భ జలం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి చెడు కూడా ఆలస్యంగానే బయటపడుతుంది. ఈ ఏడాది బాగున్న బావి పదేళ్ల తర్వాత చెడిపోవచ్చు.

దీన్ని పసిగట్టే పద్ధతి కష్టమేం కాదు. గుట్టకు ఎగువన ఒక బావి, దిగువన కొన్ని బావులు తవ్వుతారు. ఏటా క్రమం తప్పకుండా నీళ్లు తీసి పోలుస్తారు. ఎగువన లేనిది దిగువన కనిపిస్తే గుట్టను అనుమానించాల్సిందే. బాతినాలో ఇంకో చిక్కుంది. తోటలకు విపరీతంగా తోడటంతో సముద్రపు నీరు బావుల్లోకి చొరబడింది. ఉప్పు ఒక్కటే కొలిస్తే అది సముద్రానిదో, చెత్తదో తేలదు. అమ్మోనియా, నైట్రేట్, సీసం లాంటి లోహాలు కూడా చూడాలి. ఎన్నేళ్లు చూడాలి? అమెరికా నిబంధన 30 ఏళ్లంటుంది. మన దేశంలో 2016 నాటి నిబంధనలు కనీసం 15 ఏళ్లన్నాయి.

ఇది పరాయి దేశం గొడవ కాదు. హైదరాబాద్ దగ్గర జవహర్‌నగర్ పాత చెత్త కొండపై పొరలు కప్పారు. కానీ అంతకు ముందే దాని నల్లనీరు మల్కారం చెరువులోకి చేరింది. ఆ చెరువును శుభ్రం చేసేందుకు కోట్లు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. చుట్టుపక్కల కాలనీల వాళ్లు బోరు నీళ్లంటే భయపడే రోజులొచ్చాయి. ముందే కొలిచి, ముందే చెప్పి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు.

తాగునీటి వనరులను కాలుష్యం నుంచి కాపాడాలని ఒమాన్‌లో 2001లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం ఫలం బావి దగ్గర బకెట్ పట్టుకున్న కూలీదాకా రావాలి. పరీక్షల ఫలితాలు ఫైళ్లలో ఉంటే చాలదు. నీళ్లు తాగొచ్చో లేదో అరబీతోపాటు హిందీ, ఉర్దూ, బెంగాలీ, తెలుగులో బావి దగ్గరే బోర్డు పెట్టాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు.

అప్పటిదాకా మన జాగ్రత్త మనది. తోటకు దగ్గర్లో పాత యార్డు ఉందేమో కఫీల్‌నో, మేస్త్రీనో మర్యాదగా అడగండి. నీళ్ల రంగు, వాసన మారితే తాగడం ఆపండి. అవేవీ మారలేదని ధీమా పడొద్దు. నైట్రేట్‌కు రంగూ లేదు, వాసనా లేదు. కాచితే అన్నీ పోతాయనుకోవడమూ పొరపాటే. కాచితే క్రిములు చస్తాయి. లోహాలు, నైట్రేట్ పోవు సరికదా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడతాయి. తాగడానికి, వంటకు నల్లా నీళ్లో, సీలున్న క్యానో అడగడం మీ హక్కు. ఇంటికి పంపే రియాల్‌లో కొంత ఆస్పత్రికి పోకుండా ఉండాలంటే ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.