దైవభక్తియు చెరువుకట్టయు

వాన తప్పిన యేట అనంతపురము సీమలో దేవుని తలపని నోరుండదు. గుడులలో వరుణజపములు జరుగును. రచ్చలయందు విరాటపర్వము చదివింతురు. పల్లెలలో కప్పలకు పెండ్లి చేయుదురు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల నెక్కి వచ్చునప్పటికే వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనము తన సొమ్మును తూర్పుతీరముననే వెచ్చించును. ఏడాదికి సగటున ఇచ్చట కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇట్టి నేలపై బ్రతుకువాడు ఆకాశము వంక జూచి మొరపెట్టుకొనుటను మేము పరిహసింపము. ఆర్తుని గూడ గీత భక్తులలో చేర్చినది గదా! కాని యొక ప్రశ్న యడుగక తప్పదు. మనము దేవునితో నిత్యము చెప్పుకొనుచున్నాము. ఆయన మాట వినుచున్నామా? యజమానుని ముంగిట దినమెల్ల నిలిచి వరములడిగి, చెప్పిన పని యొక్కటియు చేయనివానిని సేవకుడని యెవ్వరందురు?

అనంతపురమునకును బుక్కరాయసముద్రమునకును నడుమ నున్న చెరువుకట్టపై ముసలమ్మ కథ నేటికిని జీవించియున్నది. కట్ట తెగనుండగా ఆ యిల్లాలిని బలియిచ్చినగాని ఊరు నిలువదని దైవవాక్కు వినబడెననియు, ఆమె తానే గండిలోనికి నడచెననియు ఐతిహ్యము. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899 ప్రాంతమున, విద్యార్థిదశలోనే, ఈ కథను ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి. ముసలమ్మ విధేయతకు మేమును చేతులు జోడింతుము. అయితే ఆ దినమున కట్టపై నిలిచి చూచిన ఊరివారి విధేయత యెట్టిది? వారిని ఆ యాజ్ఞ యేమియు అడుగలేదు. కోడలి ప్రాణమునే యడిగినది. పరుల మెడను కోరు వాక్కును దైవవాక్కని నమ్ముట మిక్కిలి సులభము. మన చెమటను, మన స్వార్థత్యాగమును కోరు వాక్కు వినబడినప్పుడే మన భక్తికి పరీక్ష.

ఈ పరీక్షలో పాలకులును ప్రజలును తప్పినవారే. 1876-78 నాటి మహాక్షామమున ఈ సీమలో జనము మలమల మాడుచుండగా, దేశమునుండి ధాన్యము ఓడలకెక్కుచునే యుండెను. వాన దైవాధీనము, ధాన్యపు టెగుమతి మనుష్యాధీనము. పరప్రభుత్వము 1947లో తొలగినది. నేడు చెరువులలో పూడిక పేరుకొనుటకును, నీరు తెచ్చు వంకలు ఆక్రమణల పాలగుటకును ఎవరిని నిందింతుము? పొరుగువాని బావి యెండినను సరే యని వందల అడుగుల లోతునకు బోరులు దింపుచున్నాము. ఆ బోరునకే పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుచున్నాము!

ఆజ్ఞ విన్నవారును ఈ నేలపై లేకపోలేదు. ఏసుసభ సన్న్యాసిగా ఈ దేశమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి, పిమ్మట ఆ సభను వీడియు, 2009లో కన్నుమూయువరకు ఇచ్చటి బీదలనే సేవించెను. పుట్టపర్తి సత్యసాయి సంస్థ 1990 దశకమున వందలాది గ్రామములకు త్రాగునీటి గొట్టములు వేయించినది. వారి మతములు వేరు, మార్గములు వేరు. వారి సిద్ధాంతములను అంగీకరింపనివారు సైతము ఆ నీటిని కాదనలేరు. దాహము గొన్నవాని గడపకు నీరు చేర్చినవాడు దేవునికి దగ్గరైనాడా లేదా యని తర్కింప పనిలేదు.

చదువరులారా! విరాటపర్వము చదివింపుడు, మేము వలదనము. చదివించిన మరునాడు పార చేతబట్టి మీ యూరి చెరువునకు నీరు తెచ్చు వంక వెంట నడువుడు. అందు మీ పొలపు గట్టు చొచ్చియున్నచో, ముందుగా దానిని వెనుకకు జరుపుడు. దేవుడు వాన కురిపించిన దినమున దానిని నిలుపుకొనుటకు మన చెరువులో చోటుండవలదా?