ఏం పాట వింటున్నారో మీరు చెబుతున్నారా.. ఫోనే చెప్పేస్తోందా?

పొద్దున్నే నానమ్మకు సుప్రభాతం, మధ్యాహ్నం పిల్లలకు రైమ్స్, రాత్రి ఇయర్‌ఫోన్స్‌లో పాత విషాద గీతాలు.. ఇంట్లో పాట పెడితే ఒకప్పుడు పక్కింటికి మాత్రమే వినిపించేది. ఇప్పుడు కాంటాక్ట్ లిస్ట్ మొత్తానికీ తెలుస్తోంది.

వాట్సాప్ స్టేటస్‌కు పాట జోడించే వీలు 2025లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో అంతకుముందే ఉంది. స్పాటిఫై అయితే 2016 నుంచి ‘ర్యాప్డ్’ పేరుతో ఏటా విన్న పాటల చిట్టా ఇస్తోంది. దాన్ని పోస్ట్ చేయడం చాలామందికి సరదా.

మనం ఎంచుకుని పెట్టే పాటతో ఇబ్బంది లేదు. చిక్కంతా దానంతట అదే షేర్ అయ్యేదానితోనే. 2011లో స్పాటిఫై ఫేస్‌బుక్‌తో జతకట్టినప్పుడు యూజర్లు వింటున్న పాటలు ఫ్రెండ్స్‌కు కనిపించాయి. విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే ప్రైవేట్ ఆప్షన్ తెచ్చారు.

అర్ధరాత్రి ఒకే విషాద గీతం పదిసార్లు వింటే మనసు బాగోలేదని చెప్పకనే చెప్పినట్టు. పైగా ఇంటిల్లిపాదికీ ఒకే అకౌంట్ ఉంటే ఎవరు విన్నా ఒక్కరి పేరు మీదే పడుతుంది.

మరి ఏం చేయాలి? స్పాటిఫై సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ సెషన్’ ఆన్ చేస్తే మీరు వింటున్నది ఫాలోవర్లకు కనిపించదు. నచ్చిన పాటను మాత్రం మీరే షేర్ చేసుకోవచ్చు.