మూడు రంగుల ముగింపు

కథకు ముగింపు పలికే హక్కు రచయితదేనన్నది చిరకాలంగా వస్తున్న మాట. 2012 మార్చిలో వెలువడిన ‘మాస్ ఎఫెక్ట్ 3’ అనే వీడియో గేమ్ ఆ మాటను చిక్కుల్లో పడవేసింది.

కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ సంస్థ 2007లో ఈ పరంపరకు శ్రీకారం చుట్టింది. రీపర్లనే యంత్రజాతిని కమాండర్ షెపర్డ్ ఎదిరించడం ఇందలి ఇతివృత్తం. ఎవరిని కాపాడాలో, ఎవరిని వదులుకోవాలో నిర్ణయించేది ఆటగాడే. మొదటి భాగంలోని నిర్ణయం మూడవ భాగంలోనూ ఫలితం చూపుతుంది. ఇలా ఐదేళ్లు సాగిన కథ చివరకు మూడు దారుల వద్ద నిలిచింది. ఏ దారిన వెళ్లినా దృశ్యాలు దాదాపు ఒకటే. ప్రధానంగా మారేది కాంతి రంగు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ.

అభిమానులు ఆగ్రహించారు. ఆ ఆగ్రహంలోనూ చమత్కారం లేకపోలేదు. కొందరు ఆ మూడు రంగుల్లో 400 చిన్న కేకులను సంస్థకు పంపారు. రంగేదైనా రుచి ఒక్కటే! మరికొందరు నిరసన పేరిట, ఆసుపత్రుల్లోని పిల్లలకు తోడ్పడే సేవాసంస్థ కోసం 80 వేల డాలర్లకు పైగా విరాళాలు సేకరించారు.

వీరిది మొండిపట్టు అనడం న్యాయం కాదు. నవలా పాఠకుడు కథను అనుసరిస్తాడు. ఇక్కడ ఆటగాడు ప్రతి మలుపులోనూ బాధ్యత వహించాడు. వారు కోరింది సుఖాంతం కాదు, తమ నిర్ణయాలకు లెక్క. జూన్‌లో సంస్థ ఉచితంగా వివరణ దృశ్యాలను చేర్చింది. మూడింటినీ నిరాకరించే నాలుగో దారినీ కల్పించింది. ఆ దారి చివర ఓటమే.

విచిత్రమేమంటే, మోర్డిన్ అనే శాస్త్రవేత్త తాను పాలుపంచుకున్న అపరాధాన్ని సరిదిద్దుతూ ప్రాణమిచ్చే ఘట్టాన్ని కంటతడితో తలచుకునేవారిలో ఎందరో, అదే ఆట చివరి ఘట్టాన్ని నిందించారు.