విద్యార్థుల పాట – పెద్దల మాట

మన కళాశాల విద్యార్థులు కొందరు త్యాగరాజ కీర్తన నొకదానిని పాడి, తామే చిత్రించి, ఆ వీడియోను తమిళనాట మా సంఘ మందిరమున ప్రదర్శించిరి. ముగియగానే మేము పలికిన మాట ఒక్కటే: ఉచ్చారణ బాగులేదు. ఏ చరణమున, ఏ పదమున దోషమో చెప్పనే లేదు. పిల్లల మొగములు చిన్నవైనవి.

వారు సాహిత్యమును తమిళ లిపిలో వ్రాసికొని నేర్చిరి. అందు ప, బ, భ లకు ఒకే అక్షరము గనుక 'భక్తి' 'పక్తి' యగుట వింత కాదు. 2006 నాటి చట్టము బడిలో తమిళమును నిర్బంధము చేసినది, నిజమే. ఇంట తెలుగక్షరములు దిద్దింపరాదని ఏ చట్టమును చెప్పలేదు గదా!

చూచువారు కాగితము, పెన్సిలు పట్టుకొని, పాట నిలిపించి, తప్పిన పదమును చూపవలెను. ఆ కీర్తన నెరుగని నలుగురికి ప్రదర్శించి, వారెచ్చట చూపు మరల్చిరో పిల్లలు గమనింపవలెను. సాగదీసిన దృశ్య మేదో అప్పుడు తెలియును. అట్లని ప్రతి మాటను పాటింప నక్కరలేదు. గాయకుడు పంచె కట్టలేదేమని మాలో ఒకరడిగిరి. అది మా ముచ్చట, పాట కవసరము కాదు.

తప్పిన పంక్తులను మరల పాడి, దృశ్యము క్రింద తెలుగు లిపిలో సాహిత్యము చేర్చి చూపుటకు పిల్లలు ఒప్పుకొనిరి. ఈ మారు మేము పెన్సిళ్లతో వచ్చెదము.